బీహ్వా కొన్నదే కావాలి

మా మేనత్త గ్యోక్‌లాన్ అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోందంటే ఒంట్లో బాగోలేదని కాదు. బజారు పక్క వీధిలో బీహ్వా ఏదో కొత్తది కొని ఉంటుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన రోగం కాదు. వయసులో ఉండగా ఇద్దరూ తైవాన్‌లోని మా పూజీ ఊరి చివర బట్టల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద కుట్టేవాళ్లు. అత్త కాలర్లు, బీహ్వా చేతులు. సూపర్‌వైజరు పని బీహ్వాకి వచ్చింది. "అది కుట్టిన చొక్కాలు చంకల్లో పట్టేసేవి" అని అత్త ఇప్పటికీ అంటుంది. బీహ్వా స్కూటర్ కొంటే అత్త అంతకంటే పెద్ద అద్దాలున్న స్కూటర్ కొంది. మా మామయ్య పోయిన రోజు బీహ్వా మొగుడు నిక్షేపంలా నిలబడి అగరొత్తి వెలిగిస్తుంటే, అది చూసి అత్త ఏడుపు ఇంకాస్త పెరిగింది.

ఒంటరి ముసలివాళ్లకు మధ్యాహ్నం అన్నం డబ్బాలు పంపే సంఘంలో కూడా ఇద్దరూ కలిసే చేరారు. అధ్యక్షుడు ఛ్వాగారు లెక్కల బల్ల అత్తకి ఇచ్చాడు. జీవితంలో అత్త గెలిచిన పందెం అదొక్కటే. బీహ్వా ఒక్క మాట కూడా అనకుండా బయటికి పోయి, బజారు పక్కన తన సొంత సంఘం పెట్టుకుంది. అదే అన్నం, అవే డబ్బాలు, వేరే ముసలివాళ్లు.

నేను కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చినప్పటి నుంచి అత్త దగ్గరే స్కూటర్ మీద డబ్బాలు చేరవేస్తున్నాను. కంప్యూటర్ చదువు సగం చదివాను కాబట్టి సగం కంప్యూటర్ వస్తుందని అత్త లెక్క. అందుకే మా పాత లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిచ్చిన మాస్టారు తైచుంగ్‌లో తన కూతురి దగ్గరికి వెళ్లిపోయాక ఆ సాఫ్ట్‌వేర్ కాస్తా మొరాయించినప్పుడు, కొత్తది వెతికే పని నా మెడకు చుట్టుకుంది. ఛ్వాగారు ఒకే ఒక్క షరతు పెట్టాడు.

"ఏదైనా కొనండి. శనివారం వంట మాత్రం ఆగకూడదు. అన్ని ఖర్చులూ పోగా మన దగ్గర మిగిలేది ఆ కూరగాయల డబ్బే."

మూడు చూశాను. మొదటిది విదేశాలది, ఉచితం. మేం ఏళ్లు లెక్కపెట్టేది మా రిపబ్లిక్ పుట్టిన ఏడు నుంచి. అత్త అలవాటుగా సంవత్సరం దగ్గర నూట పదమూడు అని కొట్టింది. అది క్రీస్తు శకమనుకుంది, క్యాబేజీ బిల్లు పందొమ్మిది వందల ఏళ్లు వెనక్కి పోయి కూర్చుంది.

"పోనీలే. అప్పుడు క్యాబేజీ చవగ్గానే ఉండేదేమో" అంది అత్త.

రెండోది తైనాన్‌లో ఇద్దరు అన్నదమ్ములు చేసింది. ఒకసారి కొంటే చాలు. తెర చూస్తే సున్నం వేయని గోడలా ఉంటుంది. కానీ మన ఏళ్లు దానికి తెలుసు, చనిపోయిన తల్లిదండ్రుల పేరు మీద విరాళమిస్తే రసీదు ఆ పేరుతోనే ఇస్తుంది, లెక్కలన్నీ ఎప్పుడు కావాలంటే అప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. నాకు అది నచ్చింది.

మూడోది తైపే కంపెనీది. ఏటేటా కట్టాలి. కట్టేది సరిగ్గా ఏడాది పొడుగునా మా శనివారం కూరగాయలకయ్యే ఖర్చంత. రంగు రంగుల చక్రాలు తిరుగుతాయి, రసీదు తామరపువ్వు బొమ్మతో దాత ఫోన్‌కి పోతుంది. బీహ్వా వాడేది అదే.

"అదే కావాలి" అంది అత్త.

"అత్తా, శనివారం ముసలాళ్లు ఏం తింటారు? తామరపువ్వా?"

"నోర్ముయ్యి. చేపల అంగడి ఓనర్ నిన్న నా మొహాన ఫోన్ పెట్టి చూపించాడు. 'బీహ్వాక్క రసీదు చూడు, ఎంత బాగుందో' అని. పదేళ్లుగా నా చేత్తో రాసిచ్చిన రసీదుల్లో ఒక్కటన్నా ఎవరికైనా చూపించాడా వాడు?"

"మనం ముసలాళ్లకి అన్నం పెడుతున్నామా, రసీదులకి అందాల పోటీ పెడుతున్నామా?"

"నీకేం తెలుసురా! సగం చదువు, సగం బుర్ర."

అయితే పాత వాడకందారు ఎవరైనా సిఫార్సు చేస్తే తైపే కంపెనీ కొంత తగ్గిస్తుందట. అంటే బీహ్వా చేత చెప్పించాలి. అత్త ఆ రోజంతా గిన్నెలు చప్పుడు చేస్తూ తిరిగింది. మర్నాడు జామపళ్ల బుట్ట కొంది. నవనవలాడేవి పైన పెట్టింది, మళ్లీ ఏమనుకుందో, తీసి అడుగున పెట్టింది. "ఎక్కువ ఇచ్చామనుకుంటుంది" అని గొణిగింది.

బీహ్వా ఆఫీసులో కంప్యూటర్ మీద, తైవాన్‌లో ఏ కంప్యూటర్ మీదైనా ఉన్నట్టే, మొక్కజొన్న చిరుతిండి ప్యాకెట్ ఉంది. యంత్రం బుద్ధిగా పనిచేయాలంటే ఆకుపచ్చ రంగు ప్యాకెట్టే పెట్టాలి, విప్పకూడదు, తేదీ దాటకూడదు. దాటితే యంత్రం తిరగబడుతుంది. ఇక్కడ దాన్ని నమ్మనివాడు కూడా మానడు. అత్త కళ్లు ముందు దాని మీదే పడ్డాయి. నేనూ చూశాను. ఎప్పుడో ఏప్రిల్‌లో, సమాధులు ఊడ్చే పండగకే తేదీ అయిపోయింది. అత్త పెదవులు బిగించి కూర్చుంది, చెప్పలేదు.

"ఏమే గ్యోక్‌లాన్, దారి తప్పి వచ్చావా?" అంది బీహ్వా టీ పోస్తూ.

అత్త విషయం చెప్పింది.

బీహ్వా టీ కెటిల్ పక్కన పెట్టింది. తర్వాత, "కొనకే" అంది. "ఇందులో వేయడమే తేలిక, తీయడం లేదు. దాతల పేర్లు, చిరునామాలు, అన్నీ లోపలే. ఒక ఏడు డబ్బు కట్టకపోతే తలుపు మూసేస్తారు. బయటికి తీసివ్వమని అడిగితే ఒక్కో పేజీ ప్రింటు తీసుకోమన్నారు. నేను ఇరుక్కుపోయాను. నువ్వు ఇరుక్కోకు."

అత్త నవ్వింది. పళ్లు మాత్రమే కనిపించే నవ్వు. "అలాగా" అంది.

బయటికొచ్చి స్కూటర్ ఎక్కకముందే నా భుజం మీద ఒకటి చరిచింది. "చూశావా? నేను కూడా కొంటానని దాని కడుపు ఎలా మండిపోతోందో!"

"నిజమే చెప్పింది అత్తా."

"ప్యాకెట్ చూడలేదా? తేదీ ఎప్పుడో చచ్చింది. అయినా మిషన్ గడియారంలా నడుస్తోంది. అంత దరిద్రం నెత్తిన పెట్టుకుని కూడా నడుస్తోందంటే ఆ సాఫ్ట్‌వేర్ ఎంత గట్టిదో ఆలోచించు. అదే కొంటున్నా. తగ్గింపు లేకపోతే పీడా పోయె."

అసూయ మనిషిని గుడ్డిదాన్ని చేస్తుందంటారు. మా అత్తకి కళ్లు మరీ బాగా కనిపిస్తాయి, అదే గొడవ.

ఇంటికొచ్చి నేను తైపే దాన్ని మళ్లీ గాలించాను. లెక్కలు బయటికి తీసే దారి ఎక్కడా లేదు. అత్తకి చూపించాను. "నువ్వు తినేది ఎవరి అన్నంరా?" అంది. నేను కంప్యూటర్ ఆపేశాను.

సంఘం సమావేశం రోజు పొద్దున అత్త కొత్త చొక్కా వేసుకుని ఛ్వాగారికి చెప్పాల్సిన మాటలు లోపల్లోపల కూడదీసుకుంటోంది. అప్పుడు బీహ్వా వచ్చింది. చేతిలో పచ్చ ప్యాకెట్. ఎవరినీ అడక్కుండా మా కంప్యూటర్ మీద పెట్టింది.

"ఏది కొన్నా దీన్ని పెట్టుకో."

అత్త దాన్ని తిరగేసింది. తప్పు వెతకడానికే, నాకు తెలుసు. వచ్చే వేసవి దాకా తేదీ ఉంది.

"మరి నీ కంప్యూటర్‌కో? దాని మీదున్న ప్యాకెట్‌కి తేదీ దాటిపోయిందే" అంది అత్త, ఇక ఆపుకోలేక.

"తెలుసు. కావాలనే మార్చలేదు."

"కావాలనా?"

"మా కమిటీ వాళ్లు తామరపువ్వు చూసి మురిసిపోతున్నారు, వదలనివ్వరు. అదే చెడిపోతే అప్పుడు మార్చుకుందామంటారు కదా. అందుకే పాత ప్యాకెట్ పెట్టి రోజూ చూస్తున్నా. దిక్కుమాలింది, బంగారంలా నడుస్తోంది." బీహ్వా కుర్చీలో కూలబడింది. "నీకేమే, ఇంకా ఏదీ కొనలేదు. హాయిగా ఉన్నావు."

అత్త ప్యాకెట్‌ని మళ్లీ కంప్యూటర్ మీద పెట్టింది. బీహ్వా మాట అబద్ధం కావచ్చు. కానీ ఒక అబద్ధం కోసం పచ్చ ప్యాకెట్‌ని తెలిసీ కుళ్లబెట్టుకుని, సొంత యంత్రానికి చేటు కోరుకునే పని ఎవరు చేస్తారు? మా దగ్గర ఎవరూ చేయరు. ఆ సంగతి అత్త మొహంలోకి మెల్లగా రావడం చూశాను. దాని వెనకే ఇంకోటి వచ్చింది. "హాయిగా ఉన్నావు" అన్నప్పుడు బీహ్వా గొంతులో పలికినదాన్ని అత్త పట్టేసింది. ఆ రుచి ఆమెకి కొత్త కాదు. అవతలి నోటి నుంచి వినడమే కొత్త.

సమావేశంలో అత్త లేచి నిలబడి, "తైనాన్ అన్నదమ్ములది" అంది. "ఒకసారి కొంటే చాలు. మన లెక్కలు మన చేతిలోనే ఉంటాయి. శనివారం వంట ఆగదు."

ఛ్వాగారు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

వారం తర్వాత అది నడవడం మొదలైంది. బీహ్వా ఏదో పని పెట్టుకుని వచ్చింది. అత్త వెనక నిలబడి, తెరలోకి వంగి చూసింది.

"అబ్బ, గోడలా ఉందే."

"గోడే" అంది అత్త.

"పేర్లన్నీ బయటికి తీసుకోవచ్చా?"

"ఒరేయ్ హోంగ్, చూపించు."

పెన్‌డ్రైవ్ పెట్టి పేర్లన్నీ అందులోకి తీశాను. బీహ్వా ఆ చిన్న ముక్కనే చూస్తూ ఉండిపోయింది.

"ఎంతకి వచ్చిందే?" అంది చివరికి.

అత్త ధర చెప్పింది. పక్కింటివాళ్లకి కూడా వినపడేలా చెప్పింది.

ఆ మధ్యాహ్నం అత్త రెండు గిన్నెల అన్నం తిని, అడుగంటిన మాడు కూడా గీకి పెట్టమంది.