తడితే తెరుచుకున్న మాట

ఆ రోజు చెన్నై రైలు సూళ్లూరుపేట దాటింది. నా పక్క సీటులో, బోగోలు నుంచి వస్తున్న ఒకావిడ ఫోన్‌లో చదువుతున్న పేజీ నాకు బాగా తెలుసు. జబ్బుల గురించి తెలుగులో చెప్పే ఆ వెబ్‌సైటులో, కష్టమైన మాటను తడితే దాని కిందే అర్థం తెరుచుకునేలా చేయడం నా ఉద్యోగం.

ఆవిడ ఒకే మాటను మళ్లీ మళ్లీ తడుతోంది.

“అన్ని మాటలకీ అర్థం చెప్తా ఉండాది గానీ ఈ బయాప్సీ ఒక్కటీ పలకడంలేదు తల్లీ. రేపు మా ఆయనకు చేస్తారంట” అంది.

ఆవిడకు అవతల ఆయన కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఎవరితోనూ మాట్లాడలేదట.

“నేను చెప్తానక్కా” అన్నాను.

“నాకు చెప్తే ఏం లాభం? నేనేమన్నా ఓదార్చడానికి అంటా ఉండాననుకుంటాడు. రాసుంటే నమ్ముతాడు.”

ల్యాప్‌టాప్ తెరిచాను. ‘జబ్బేమిటో తెలుసుకోవడానికి ఒంట్లోంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష. ఇది చేయించమన్నంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు’ అని రాసి, ఆ మాటకు తగిలించాను.

“పేజీ మళ్లీ తెరవండక్కా.”

ఆవిడ తెరిచింది గానీ తట్టలేదు. భర్త వేలు పట్టుకుని ఆ మాట మీద పెట్టింది. “నువ్వే తట్టు.”

అర్థం తెరుచుకుంది. ఆయన పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

“చిన్న ముక్కేనా తీసేది?” అన్నాడు. ఆవిడవైపు తిరిగి, “ఆకలేస్తా ఉంది. ఏం తెచ్చినావు?” అని అడిగాడు.

ఆ అర్థం మరీ మామూలు మాటల్లో ఉందని, మార్చమని ఆ తర్వాత ఆఫీసులో చాలాసార్లు అన్నారు. నేను ఒక్క అక్షరం కూడా మార్చనివ్వలేదు.