యేసన్న వేసిన వంకర బోరు

యేసన్నతో మాట్లాడాలంటే అరవాలి. పద్దెనిమిదేళ్లు బోర్లు వేసే లారీ మీద పనిచేశాడు, ఆ మోతకి చెవులు రెండూ పోయాయి. బత్తలపల్లె చుట్టుపక్కల ఆయన వేసిన బోర్లలో సగానికి పైగా దుమ్మే లేచింది. నీళ్లు పడని రోజు ఆ రైతు ఇంట్లో అన్నం పెట్టినా తినేవాడు కాదట. చివరికి విసిగిపోయి మా కంపెనీలో వాచ్‌మన్‌గా చేరాడు.

మా కంపెనీ అంటే ఏదో ఊహించుకోకండి. ఊరి బయట బండ మీద రెండు గదులు, అంతే. ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి పిల్ల అశ్విని పెట్టింది. పరమాణువు పక్కన పరమాణువు పేర్చి వస్తువు కట్టే యంత్రం ఆమె తయారు చేస్తోంది. గాలి కూడా లేని పెట్టెలో ఒక సూది మొన వాటిని ఒక్కొక్కటిగా దించుతుంది. సూది ఇసుమంత అదిరినా వరస చెదిరిపోతుంది. ఇక్కడైతే రాయి గట్టిది, లారీలు తిరగవు అని ఏరి కోరి ఈ బండ మీదికి వచ్చింది.

తీరా చూస్తే రాత్రి చక్కగా వచ్చే వరస పగలు చెదిరిపోయేది. ఒక్క ముక్క పూర్తి కావాలంటే యంత్రం ముప్పై గంటలు ఆగకుండా నడవాలి. కరెంటు పని చూసేది నేను కాబట్టి నాలుగు నెలలు అందరూ నా మీదే పడ్డారు. వైర్లన్నీ రెండుసార్లు మార్చాను, ఎవరికీ కృతజ్ఞత లేదు. నెలాఖరులోగా ఒక్క ముక్కయినా చూపించకపోతే కంపెనీ మూసేయాల్సిందేనని అశ్విని చెప్పేసింది.

మర్నాడు పొద్దున, పొలాలకు పగటి కరెంటు వచ్చి మోటార్లు మొదలైన కాసేపటికి, యేసన్న చెప్పులు విడిచి బండ మీద నిలబడ్డాడు. చెవులు పోయాక లారీ మీద మిషన్ ఎలా నడుస్తోందో అరికాళ్లకు తగిలే అదురుతోనే కనిపెట్టేవాడట. ఉత్తరం వైపు నాలుగడుగులు వేసి ఆగాడు. ఇంకో పది వేసి ఆగాడు. అలా మా పక్క రైతు మారెక్క వేరుశనగ చేను దాకా పోయి, ఆమె బోరు దగ్గర నిలబడి ఇక కదల్లేదు. వెనకే వెళ్లిన నాకు ఆయన ముఖం చూస్తే భయమేసింది.

మారెక్క ఆ బోరు ఆపేస్తే పంట నష్టం తానే ఇస్తానంది, విషయం తెలిసిన అశ్విని. యేసన్న ఒప్పుకోలేదు. ఆయన చేతి మీద నీళ్లు పడిన కొద్ది బోర్లలో అదొకటి. మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి మారెక్క ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నీ బోరు వంకర పోయింది. రెండు నూర్ల అడుగుల కాడ రాడ్డు పక్కకు జారినాది. నాకు ఆ పొద్దే తెలుసు. నీళ్లు పడినాయి కదా అని చెప్పల్యా. నీ ఇనుప పైపులు రాయికి కొట్టుకొని అదురుతాండేది అందుకే."

రెండేళ్లకోసారి పైపులు అరిగిపోతుంటే తన తలరాత అనుకుందట మారెక్క. నోటికొచ్చినట్టు తిట్టింది. చెవుడు ఆ పూట యేసన్నకు కలిసొచ్చిందనుకున్నాను గానీ, ఆయన ఆమె పెదాలనే చూస్తూ ప్రతి తిట్టూ పడ్డాడు. తిట్టి తిట్టి అలిసిపోయి, "ఇప్పుడేం జేస్తావో అది చెప్పు" అంది.

ఇనుప పైపులు తీసేసి, వంగే నల్ల పైపుకు మోటారు కట్టి దించాలన్నాడు. పైపు అశ్విని తెప్పించింది. రెండు రోజులు ఎండలో అందరం లాగాం. మోటారు చుట్టూ టైరు రబ్బరు తన చేత్తోనే కట్టాడు యేసన్న. ఆ సాయంత్రమే యంత్రం మొదలుపెట్టాం.

ముప్పై గంటలూ గడిచాయి. తెర మీద చుక్క పక్కన చుక్క, ఎక్కడా చెదరకుండా వరస నిలిచింది. అశ్విని ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. యేసన్న మాత్రం తెర వైపు చూడలేదు.

"పగలంతా ఆమె మోటారు ఆడిందా?" అని అడిగాడు.

"ఆడిందన్నా. నీళ్లు నిండుగా వచ్చినాయి" అని అశ్విని ఆయన చెవి దగ్గర అరిచింది.

మర్నాడు మధ్యాహ్నం మారెక్క సంగటి, తన చేనిలో పండిన చెనిగ్గింజల చట్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. యేసన్న గడప మీద కూర్చుని తిన్నాడు. రెండో ముద్ద తనే అడిగి పెట్టించుకున్నాడు.