గాలికి కట్టిన గట్టు

గూడూరు నుంచి కోట మీదుగా సముద్రం వైపు బండి మీద పోయేవాళ్ళకు గాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎదురుగానైనా కొడుతుంది, పక్క నుంచైనా తోస్తుంది. అది మనవైపు ఉన్న పూట నాకైతే గుర్తులేదు.

నా పని రొయ్యల గుంటలు చూడటం. పొద్దున్నే బండెక్కి గుంట గుంటకూ తిరిగి, నీళ్ళు పరీక్ష చేసి, రొయ్య ఎలా ఉందో చూసి, మేత ఎంత వెయ్యాలో రైతుకు చెప్పాలి. రోజుకు వంద కిలోమీటర్లకు తక్కువ తిరగను. ఈ పనిలో సంచీలో ఉండే పరికరాల కన్నా చెవులు ముఖ్యం. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటర్లు గుంటల్లో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఒకటి ఆగినా, ఒకదాని చక్రం బరువుగా తిరిగినా మోతలో తేడా వస్తుంది. గట్టు మీద నిలబడి వానల గురించో, రేటు గురించో మాట్లాడుతూనే మేమంతా ఒక చెవి అటు వేసి ఉంచుతాం. ఆ తేడా పట్టుకోలేకపోతే నీళ్ళలో గాలి తగ్గిపోయి రొయ్యలు పైకి తేలతాయి. అప్పుడిక ఏ పరికరం తీసినా చేసేదేమీ ఉండదు.

పోయిన వేసవికి ముందు నెల్లూరులో ఒక బండి సామాన్ల కొట్టులో విండ్‌షీల్డ్ కొన్నాను. హెడ్‌లైటు పైన బిగించే ప్లాస్టిక్ రేకు, అంతే. అందరం అద్దమనే అంటాం. అప్పటిదాకా గాలి రొమ్ము మీద కొట్టీ కొట్టీ సాయంత్రానికి మెడా భుజాలూ పట్టేసేవి. అద్దం పెట్టిన రోజు చొక్కా రెపరెపలాడకుండా ఇంటికొచ్చాను. ఇన్నేళ్ళు ఈ పని ఎందుకు చెయ్యలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అయితే హెల్మెట్ దగ్గర కొత్తగా ఒక మోత మొదలైంది. అద్దం అంచు మీదుగా ఎక్కిన గాలి సరిగ్గా నా చెవుల దగ్గరకొచ్చి పడుతోంది. డబడబమని ఒకటే బాదుడు. గుంటల మధ్య బతికేవాణ్ణి కదా, నా బుద్ధి గట్టు దగ్గరికే పోయింది. నీళ్ళు గట్టు మీదుగా పొర్లుతుంటే ఏం చేస్తాం? గట్టు ఎత్తు పెంచుతాం. గాలి అద్దం మీదుగా పొర్లుతోంది కాబట్టి అద్దం ఎత్తు పెంచాలి. ఇందులో ఆలోచించడానికేముంది?

గూడూరులో కొట్లకు పేరు బోర్డులు చేసే ఆయన దగ్గరికి పోయి నాలుగు వేళ్ళ వెడల్పు ముక్క కోయించి అద్దం పైన బోల్టులతో బిగించాను. మోత తగ్గలేదు, ఎక్కువైంది. ఇంకో నాలుగు వేళ్ళు పెంచాను. ఇంకా ఎక్కువైంది. మూడోసారి పోయేసరికి అద్దం నా కళ్ళ దాకా వచ్చింది. బోర్డులాయన దాన్ని పైనుంచి కిందికి చూసి, "ఇంకొక్కసారి రాన్నా, పైన టాపు కూడా ఏసేస్తా, ఆటో అయిపోద్ది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నవ్వకుండా బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

నెల తిరక్కుండా చెవుల్లో కుయ్‌మని ఒక కూత పట్టుకుంది. బండి దిగి గంటయినా అది పోయేది కాదు. ఎండకనుకున్నాను, నిద్ర చాలకనుకున్నాను. అద్దం వల్ల అనుకోలేదు. గాలిని ఆపడానికి పెట్టింది గాలి మోతను పెంచుతుందని ఎలా అనుకుంటాను?

కోట దాటాక నేను చూసే గుంటల్లో ఒక పెద్దాయనవి ఉన్నాయి. ఒక పొద్దున ఆయనతో గట్టు మీద నిలబడి మేత లెక్క చెప్తున్నాను. ఆయన నా మాట మధ్యలో చెయ్యెత్తి, గుంట మూల వైపు చూసి, తర్వాత నా మొహం చూశాడు.

"అబ్బయ్యా, ఆ మూలది ఆగిపోయుండాదే! నీకు ఇనపళ్ళేదా?"

నాకు వినపళ్ళేదు. మోటారు దగ్గరికి పరిగెత్తాం, బెల్టు తెగింది, మార్చాం, రొయ్యకేమీ కాలేదు. కానీ పెద్దాయన చూసిన ఆ చూపు నాతో పాటే ఇంటికొచ్చింది. గుంట మీద చెవి పెట్టలేనివాణ్ణి ఏ రైతు పిలుస్తాడు? పదేళ్ళు చేసిన పని. వేరే పని నాకు రాదు. నిజం చెప్పాలంటే చచ్చేంత భయమేసింది. డాక్టరు దగ్గరికి పోతే 'అవును' అంటాడేమోనని పోలేదు. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పలేదు. చెప్పకుండా దాచుకున్న భయమంతా కోపంగా మారి ఆమె మీదే పడేది. అన్నం మెత్తగా ఉందని ఒకరోజు, గట్టిగా ఉందని ఇంకోరోజు.

అలాంటి రోజుల్లోనే ఒక ఆదివారం ఇద్దరం బండి మీద వాళ్ళ ఊరికి బయల్దేరాం. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేసరికి అద్దం టకామని ముందుకు వాలిపోయింది. ఉప్పుగాలికి క్లాంపు తుప్పుపట్టి విరిగింది. పైన నేను పెంచిన బరువు తక్కువేమీ కాదు. తిట్టుకుంటూ దాన్ని ఊడదీసి, పక్కనున్న టీ కొట్టులో పెట్టి, వచ్చేటప్పుడు తీసుకుంటామని చెప్పి మళ్ళీ బండెక్కాం.

గాలి పాత పగ తీర్చుకున్నట్టు రొమ్ము మీద పడింది. కానీ చెవుల దగ్గర ఆ బాదుడు లేదు. ఒకే తీరుగా సన్నటి హోరు, అంతే. కాసేపు నాకేం జరిగిందో అర్థం కాలేదు. వేగం పెంచాను, తగ్గించాను. అదే హోరు. తల మీద నుంచి ఒక మూట దించినట్టుంది. వెనకనుంచి నా భార్య, "అయ్యా, అటు చూడు, ఎన్ని కొంగలో!" అంది. "చూస్తానే ఉండా" అన్నాను. చూస్తున్నది కొంగల్ని కాదు, నా మూర్ఖత్వాన్ని.

గట్టు మీదుగా పొర్లిన నీళ్ళు అవతల పడి ఏం చేస్తాయి? సుడి తిరుగుతూ గొయ్యి తీస్తాయి. గట్టు ఎంత ఎత్తయితే అంత లోతు గొయ్యి. అది తెలిసే కదా మేం ప్రతి గుంటకూ తూము పెట్టి కొంత నీళ్ళను మర్యాదగా పోనిస్తాం! ఆ తెలివి నీళ్ళ దాకానే ఉంచుకుని, గాలికి మాత్రం ఉత్త గట్టు కట్టాను. ఆ గొయ్యి నా చెవుల్లో పడింది.

తిరిగొచ్చాక నేను అతికించిన ముక్కలన్నీ పీకేశాను. అసలు అద్దాన్ని కూడా భుజాల ఎత్తుకు కోయించాను. బోర్డులాయన ఈసారి రంపం చాలా సంతోషంగా పట్టుకున్నాడు. కింద హెడ్‌లైటుకూ అద్దానికీ మధ్య రెండు వేళ్ళ సందు వదిలి కొత్త క్లాంపులతో బిగించాను. అదే తూము. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా పోతూ అద్దం పైన అరచెయ్యి పెట్టి, గాలి ఎక్కడ సాఫీగా పోతోందో, ఎక్కడ కొట్టుకుంటోందో చూసుకున్నాను. రొమ్ముకు సగం గాలి తగ్గింది, హెల్మెట్‌కు తగిలే గాలి సాఫీగా తగిలింది. మందుల కొట్టులో దొరికే మెత్తటి చెవి బిరడాలు కూడా కొనుక్కున్నాను. బండి మీద పెట్టుకుంటాను, గట్టెక్కే ముందు తీసేస్తాను.

పది రోజులకు కూత తగ్గింది. అప్పుడు ధైర్యం చేసి నెల్లూరులో చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. పరీక్షలో కూర్చున్న పిల్లాడి కంటే ఎక్కువ చెమట పట్టింది నాకు. డాక్టరు కాగితం చూసి, చెవులు బాగానే ఉన్నాయి, ఇంకో ఏడాది అట్లే తిరిగి ఉంటే మాత్రం నేను హామీ ఇవ్వలేను అన్నాడు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పక్కన కూర్చున్న ఒకావిడ, ఎవరికో ఏదో అయిందనుకుని నా భుజం తట్టింది. ఏమీ కాలేదమ్మా, అందుకే ఏడుస్తున్నాను అని చెప్పాను.

ఆ సాయంత్రం ఇంట్లో మొదటినుంచీ అంతా చెప్పాను. నా భార్య కూర తిప్పుతూ విని, గరిటె పక్కన పెట్టింది.

"నాకు నెల ముందరే తెలుసు" అంది. "పిలిస్తే పలకవు, ఎదురుగా వచ్చి మాట్లాడితే పలుకుతావు. అరిచీ అరిచీ నా గొంతు పోయింది."

ఈ మధ్య ఆమె గొంతు పెరిగిందని గమనించకపోలేదు. సముద్రం ఒడ్డు మనిషి కదా, పుట్టింటికి పోయే రోజు దగ్గర పడేకొద్దీ పాత అలవాటు వస్తోందనుకున్నాను.

"మరి నాతో అన్లేదే?"

"నువ్వు దాచినావు కదా. దాచిందాన్ని నేను పైకి తీస్తే నువ్వు ఓర్చుకోగలవా?" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "పెంచలకోన స్వామికి తలనీలాలు ఇస్తామని మొక్కుకున్నా" అంది.

"నీ జుట్టా?" అన్నాను కంగారుగా.

"నాదెందుకు? చెవులెవురివి?"

వచ్చిన శనివారమే బండి మీద బయల్దేరాం. ఎదురుగాలి బాగానే ఉంది. వెనక కూర్చుని నా భార్య దారి పొడవునా మాట్లాడుతూనే ఉంది. మెత్తటి అన్నం గురించి, గట్టి అన్నం గురించి, నెల రోజులు నేనన్న ప్రతి మాట గురించీ, ఒక్కటీ వదలకుండా, గొంతు ఏమాత్రం పెంచకుండా. ఆ రోజు బిరడాలు జేబులోనే ఉంచుకున్నాను. గుడి మెట్ల దాకా ఆమె అన్న ఒక్క మాట కూడా పోగొట్టుకోలేదు.