లారీల కింద నాయన

బిజినేపల్లి దగ్గరి ఒక ఊళ్లో మట్టిపని ఎక్కడున్నా రంగమ్మనే ముందు పిలుస్తారు. పార పట్టడం ఆమెకు తండ్రి వెంకటన్న నేర్పాడు. ఆయన కూలీల గుంపుతో దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోసినవాడు. ఒకచోట బండ దొర్లి తొడ ఎముక విరిగితే దవాఖానలో స్టీలు ప్లేటు వేసి స్క్రూలు బిగించారు.

ఆయన చనిపోయినప్పుడు రంగమ్మ పుణెలో పనిమీద ఉంది. కబురు అందేసరికే ఊరివాళ్లు బాట పక్క ఎవరూ దున్నని పడావు భూమిలో పాతిపెట్టేశారు. నాలుగేళ్లకు ఆమె వలస మాని వచ్చేసరికి ఆ భూమి లారీల అడ్డా అయింది. గుర్తురాళ్లు లేవు. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు గేటు బయటే ఆకు పరిచి బువ్వ పెట్టేది. ఇరవై ఏళ్లు గట్లనే గడిచాయి.

పోయినేడు బడి ఆవరణలో గుంతలు పూడుస్తుంటే శ్రవణ్ కుమార్ సారు పాఠం కిటికీలోంచి వినబడింది. యుద్ధంలో చచ్చిన ఒక ఇంగ్లండు రాజు సమాధి జాడ లేకుండా పోయిందట. ఐదు వందల ఏళ్ల తర్వాత కార్లు నిలిపే జాగా కింద ఎముకలు దొరికాయట. వంకర వెన్నెముకే మొదటి ఆనవాలట. మర్యాదగా మళ్లీ సమాధి చేశారట.

రంగమ్మ గంప దించి కిటికీ దగ్గరికి పోయింది.

"సారూ, గాయనను ఎవలు దేవులాడిన్రు?"

"ఒకామె పట్టుబట్టి వెతికించిందమ్మా. ఏండ్లకేండ్లు తిరిగింది."

"మా నాయన కాల్ల స్టీలు ప్లేటున్నది సారూ."

అడ్డా సంగతంతా విని సారు అర్జీ రాసి, తవ్వడానికి అధికారుల అనుమతి తెప్పించాడు. అడ్డా యజమాని కురుమూర్తి మాత్రం ఒప్పుకోలేదు. "ఏడున్నడో తెల్వకుండ అడ్డా అంత తవ్వుతవా?" అన్నాడు.

వెంకటన్నను పాతిపెట్టినవాళ్లలో బతికున్నది ముసలి పెద్దన్న ఒక్కడే. రంగమ్మ ఆయన్ను ఆటోలో తీసుకొచ్చింది. ఆయన చేతికర్రతో ఒక మూల చూపించాడు.

"గీడ్నే. నా చేతుల్తోనే మన్నేసిన."

కురుమూర్తి వచ్చి ఆ మూల చూసుకున్నాడు. తర్వాత, "ఐతారం లారీలు తీపిస్త. ఒక్కరోజే" అన్నాడు.

ఆ ఐతారం పొద్దున్నే తవ్వడం మొదలుపెట్టారు. నడుములోతున ఎముకలు కనబడ్డాయి. రంగమ్మ పార పక్కన పడేసి చేతులతో మన్ను తీసింది. తొడ ఎముకలు రెండూ తుడిచి చూసింది. ప్లేటు లేదు.

"నాయన కాదు" అని గట్టుమీద కూలబడింది.

"జర పక్కకు తవ్వు బిడ్డా" అన్నాడు పెద్దన్న.

రెండు బారల అవతల, పొద్దు తిరిగేవేళకు, మట్టిలో స్టీలు తళుక్కుమంది. స్క్రూలు ఎముకకే పట్టి ఉన్నాయి. రంగమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని పెద్దగా ఏడ్చింది. కురుమూర్తి చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"మరి మొదటాయననేం జేద్దాం?" అని అడిగాడు.

"ఆయన గూడ ఎవలకో నాయనే గద. ఇద్దర్ని తీస్కపోదాం."

చీకటి పడకముందే ఊరి శ్మశానంలో పక్కపక్కన రెండు గుంతలు తవ్వారు. డప్పు కొట్టించారు. పేరు తెలియని మనిషిని రంగమ్మ "పెద్దయ్యా" అని పిలిచి దోసిలితో మన్నేసింది.

"ఎట్లుందమ్మా?" అని సారు అడిగాడు.

"పానం నిమ్మళమైంది సారూ."

మర్నాడు ఆమె పనికి పోలేదు. రెండు జొన్నరొట్టెలు తిని, మధ్యాహ్నమంతా హాయిగా నిద్రపోయింది.