గంజి పెట్టిన కట్టు

మొన్న స్నానాలగదిలో జారి పడితే, ఆసుపత్రిలో నర్సమ్మ నా మణికట్టుకు పట్టీ చుడుతూ "బిగుతుగా ఉందా అవ్వా?" అని అడిగింది. లేదన్నాను గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. నొప్పికనుకుంది ఆ పిల్ల. నాకు మా అత్త పెంచిన మామిడిచెట్టు గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల యాభైల్లో, పెళ్లయిన కొత్త. పుట్టిల్లు ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. గంజి పెట్టని నూలు నూలే కాదనే వంశం మాది. మెట్టినిల్లు ఆదోనిలో, కొండ కింద. పెరట్లో ఆ చెట్టు. నేను కాపురానికి రాకముందే జ్వరంతో పోయిన ఆడబిడ్డ, చిన్నప్పుడు టెంక పాతి మొలిపించిందట. ఆ ఏడే తొలిసారి పిందె పట్టింది. అత్త పొద్దున్నే వెళ్లి ఆ పిందెలు చూసి వచ్చాకే పొయ్యి రాజేసేది. నాతో కంటే చెట్టుతోనే ఎక్కువ మాట్లాడేది. నాకు కొంచెం కుళ్లుగానే ఉండేది.

వానల్లేక కొండ మీద పచ్చన్నది లేదు. ఒకనాడు తెల్లారి చూస్తే, ఏదుపంది దిగివచ్చి చెట్టు మొదలు చుట్టూ బెరడు కొరికేసి పోయింది. రెండు ముళ్లు అక్కడే రాలి ఉన్నాయి. ఒకవైపు మాత్రం రెండు వేళ్ల వెడల్పున బెరడు మిగిలింది. అత్త దాన్ని తడిమి, "ఈ మాత్రముంటే సాలు, బతుకుతాది" అనింది. బంకమన్నులో పేడ కలిపి గాయానికి మెత్తింది. పైన చుట్టడానికి పెట్టె తెరిచి కూతురి ఓణీ తెచ్చింది.

"ఉత్త గుడ్డ జారిపోతాది అత్తా, గంజి పెడితే బిర్రుగా ఉంటాది" అన్నాను. తెలివి చూపించుకునే అవకాశం మళ్లీ వస్తుందా! జొన్నగంజి చిక్కగా కాచి, ఓణీ ముంచి, నా చేతులతోనే చుట్టాను. "మగ్గమోళ్ల బిడ్డవనిపించినావు" అనింది అత్త. ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ పూట అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను.

నెల తిరక్కముందే ఆకులు వాడి పిందెలు రాలాయి. కట్టు విప్పుదామంటే ఓణీయే లేదు. గంజికి చేరిన చెదలు గుడ్డనంతా తిని, మిగిలిన ఆ కాస్త బెరడులోకీ దిగాయి. గోటితో గీరితే పొడిపొడిగా రాలింది. నేను ఏడుస్తూ అక్కడే కూలబడ్డాను.

"మంచికే సేసినావులే అమ్మీ" అని మాత్రం అనింది అత్త. మర్నాటి నుంచి పెరట్లోకి పోకుండానే పొయ్యి రాజేసేది. ఆమె పోయేదాకా ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

గంజి లేకపోయినా ఆ చెట్టు బతికేది కాదని తర్వాత చాలామంది అన్నారు. నేను నమ్మలేదు. అత్త తిట్టి ఉంటే ఆ రోజుతో అయిపోయేది. తిట్టలేదు. అది జరిగి అరవై ఏళ్లు దాటినా నాకు ఆ రోజు ఇంకా అయిపోలేదు.