రెండంగుళాల మాస్టారి తెరచాప

ఆయన్ని అందరూ రెండంగుళాల మాస్టారు అంటారు. పొట్టివాడని కాదు లెండి, గుమ్మం దాటాలంటే తల వంచుకోవాల్సినంత పొడగరి. వృత్తి బట్టలు కుట్టడం. చొక్కాకిచ్చినా, ప్యాంటుకిచ్చినా, చంటిదాని గౌనుకిచ్చినా, కొలత తీసుకున్నాక తనంతట తానే రెండంగుళాలు కలిపి కుట్టేస్తాడు. మనుషులు ఇవాళ ఉన్నట్టు రేపుంటారా, ఒళ్లు చేస్తారు, ఊపిరి పీలుస్తారు అని ఆయన వాదన. బిగుతుగా కావాలని పోట్లాడి వెళ్లిన కుర్రకారు కూడా పెళ్లయిన ఏడాదికి అదే చొక్కా హాయిగా తొడుక్కుని వచ్చి, మాస్టారి ముందుచూపుని మెచ్చుకుని పోతుంటారు.

ఇంత నెమ్మదస్తుడికీ ఒక పిచ్చి ఉంది. చిన్న తెరచాప పడవ. నలుగురు కూర్చుంటే ఐదోవాడు కాళ్లెక్కడ పెట్టుకోవాలా అని వెతుక్కోవాల్సినంత పడవ. ముప్పై ఏళ్లుగా ఆదివారం వస్తే చాలు, కొట్టుకి తాళం వేసి, తాళంచెవి భార్య చేతిలో పెట్టి రేవుకి నడిచేవాడు. కొట్టులో కాజాలూ బొత్తాలూ ఆవిడవి. పడవ గురించి ఆవిడ మంచీ అనేది కాదు, చెడ్డా అనేది కాదు. తడిసిన బట్టలు మాత్రం గుమ్మం బయటే విప్పమనేది.

కిందటేడాది కొట్టు పైన బోర్డు బిగించబోయి మాస్టారు నిచ్చెన మీంచి పడ్డాడు. కట్టు విప్పాక కుడిచెయ్యి పనిలోకొచ్చింది గానీ, భుజం దాటి పైకి లేవనని మొండికేసింది. కత్తెరకి ఇబ్బంది లేదు, మిషనుకీ లేదు. వచ్చిన చిక్కల్లా పడవతోనే. గాలి ఎక్కువైతే తెరచాప దించాలా? దించాలంటే ఊగే పడవలో ముందుకి పాకి, తెరచాప కట్టిన కొయ్య దగ్గర నిలబడి, రెండు చేతులూ పైకెత్తి గుడ్డని లాగాలి. చెయ్యి బాగైపోయిందని తనకి తానే సర్టిఫికెట్ ఇచ్చుకుని మాస్టారు బయల్దేరిన మొదటి రోజే గాలి లేచింది. ఒంటి చేత్తో గుడ్డతో కుస్తీ పట్టాడు. గుడ్డే గెలిచింది. పడవ గిరగిరా తిరిగి బురదమేట ఎక్కి కూర్చుంది. చేపలవాళ్లు మోకు వేసి లాక్కొచ్చేసరికి మాస్టారు నడుం దాకా బురదలో ఉన్నాడు.

ఈ వార్త ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న కూతురి చెవిన పడింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం ఆ పిల్ల. పడవ అమ్మేయాల్సిందే అంది. కొనేవాణ్ణి కూడా తనే చూసింది. రేవు పక్కన హోటలు నడిపే ఆయన దాన్ని హోటలు ముందు నిలబెట్టి, లోపల మట్టి పోసి, పూలమొక్కలు వేస్తాడట. నెలాఖరుకల్లా మాట చెప్పమన్నాడు.

ఆ పూట మాస్టారు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఎవరైనా ఎక్కి తిప్పుతానంటే ఏడ్చుకుంటూనైనా ఇచ్చేసేవాడేమో. నీళ్ల మీద పరిగెత్తినదాని కడుపులో మట్టి పొయ్యడమేమిటి?

సరిగ్గా ఆ వారంలోనే, ఓడల్లో పనిచేసే ఒకాయన ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి కొట్టుకొచ్చాడు. మాస్టారి గోడు విని, సుద్దముక్క తీసుకుని బట్ట కత్తిరించే బల్ల మీద బొమ్మ గీశాడు. చైనావాళ్ల జంక్ పడవట. దాని తెరచాపకి అడ్డంగా వెదురు బద్దలుంటాయి, అచ్చం కిటికీకి కట్టే వెదురు తెరలాగే చదునుగా. చుక్కాని దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే తాడు వదిలితే, బద్దకీ బద్దకీ మధ్యనున్న గుడ్డ ఒక్కో అర చొప్పున మడతపడి కిందికి దిగుతుంది. లేవక్కర్లేదు, పాకక్కర్లేదు, చెయ్యి పైకెత్తక్కర్లేదు. మాస్టారు ఆ బొమ్మ చెరిగిపోకుండా రెండ్రోజులు ఆ బల్ల మీద పనే చెయ్యలేదు.

తర్వాత కూతురితో బేరం పెట్టాడు.

"ఒంటి చేత్తో దించే తెరచాప కుడతానమ్మా. అప్పుడు ఉంచుకోవచ్చా?"

"కుట్టు. గాలి ఉన్న రోజు చూసి నేనే వచ్చి పడవలో కూర్చుంటా. తాడు మాత్రం ముట్టుకోను. నచ్చకపోతే ఆ సాయంత్రమే హోటలాయనకి ఫోను చేస్తా."

కొయ్య పని బామ్మర్ది నెత్తిన పడింది. ఆయన వడ్రంగి. కొయ్యని అటూ ఇటూ లాగి పట్టుకునే ఇనపతీగలు ఈ తెరచాపకి అడ్డమొస్తాయట, కాబట్టి తీగల్లేకుండా తనంతట తానే నిలబడే లావుపాటి కొయ్య కావాలి. పాత సామాన్ల కొట్టంతా గాలించి చివరికి ఒక వీధిదీపం స్తంభం పట్టుకొచ్చాడు. రేవులో వాళ్లకి నెలకి సరిపడా నవ్వు దొరికింది. దీపం కూడా పెట్టించండి మాస్టారూ, చేపలకి చదువుకోడానికి బావుంటుంది అన్నారు.

కుట్టుపని ఇంట్లో ముందుగదిలో సాగింది. కుర్చీలు వీధిలోకి పోయాయి. గోడ నుంచి గోడకి గుడ్డే. కొట్ల ముందు ఎండకి కట్టే ముతక గుడ్డ. భార్య పన్నెండు రోజులు వంటగదిలోకి పెరటి దారినే వెళ్లింది. వెళ్తూ వస్తూ ఓ మూల కూర్చుని అంచులు మడిచి కుట్టింది, ఎవరూ అడక్కపోయినా. ఆరు అరలూ పూర్తయి, బద్దలు దూర్చి, పెరట్లో రెండు గుంజలకి తగిలించి నిలబెట్టారు. బామ్మర్ది చూసి బుగ్గలు నొక్కుకున్నాడు.

"బావా, ఇదేంటి? ఏ అరకా అర బొజ్జ పెట్టుకుంది? చాపలా చదునుగా ఉండాలన్నాడు కదా ఆ ఓడాయన?"

మాస్టారు టేపు పెట్టి కొలిచాడు. ప్రతి అరకీ సరిగ్గా రెండంగుళాలు ఎక్కువ. ఆ ఎక్కువనంతా చొక్కా భుజం దగ్గర సర్దినట్టు చిన్న చిన్న కుచ్చులుగా బద్దల దగ్గర పొందిగ్గా సర్దేశాడు. ఎప్పుడు కలిపాడో ఆయనకే తెలీదు. చేతికి తెలుసు, మనిషికి తెలీదు. నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులే. విప్పి కుట్టాలంటే పది రోజులు. అయినా బ్లేడు తీసుకుని కూర్చున్నాడు. భార్య వచ్చి ఆ బ్లేడు లాక్కుంది.

"మీరు లూజు పెట్టిన బట్ట ఇన్నేళ్లలో ఒక్కటన్నా వెనక్కొచ్చిందా? చదునుగా ఉండాలని గాలి చెప్పిందా, మా తమ్ముడు చెప్పాడా? ముందు కట్టి చూడండి."

ఆదివారం గాలి బాగానే ఉంది. కూతురు లైఫ్ జాకెట్ బిగించుకుని, చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా కూర్చుంది. మాస్టారు ఎడమ చేత్తో తాడు లాగుతూ, లాగిన ప్రతిసారీ కాలితో తొక్కిపడుతూ తెరచాప ఎక్కించాడు. కప్పీలు నాలుగున్నాయి కాబట్టి బరువు తెలీలేదు. ఆరు బొజ్జలూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాయి. పడవ కదిలిన తీరు చూసి గట్టు మీద బామ్మర్ది లేచి నిలబడ్డాడు. పాత తెరచాపతో ఎన్నడూ వెళ్లనంత సూటిగా ఎదురుగాలిలోకి వెళ్తోంది మరి. ఆ లూజులోనే గాలికి పట్టు దొరికింది.

మాస్టారికి ఒళ్లు తెలీలేదు. రాళ్లకట్ట దాటాక గాలి పెరిగింది. పడవ ఒరిగింది. కూతురి కట్టుకున్న చేతులు విడిపోయి బల్ల అంచుని పట్టుకున్నాయి గానీ, తాడు జోలికి పోలేదు. దూరంగా, పడవలకి దారి గుర్తుగా నీళ్ల మీద తేలే ఎర్ర బోయా కనిపిస్తోంది. దానిదాకా వెళ్లి దించుదాం, అంతా చూస్తున్నారు, ఇప్పుడే దించితే భయపడ్డాడనుకుంటారు అనిపించింది మాస్టారికి. అనిపించిన మరుక్షణం బురదమేట గుర్తొచ్చింది. ఆ రోజున కూడా అచ్చం ఇలాగే అనిపించింది. చెయ్యి మొరాయించింది తర్వాత. అంతకు ముందే, గాలి చిన్నగా ఉన్నప్పుడే దించగలిగేవాడు. దించలేదు. ఈ ముక్క ఇన్నాళ్లూ భార్యకి కూడా చెప్పలేదు.

తాడు వదిలాడు. కింది అర మడతపడింది. ఇంకొంచెం వదిలాడు. రెండోదీ దానిమీద పడింది. పడవ నిటారుగా లేచి, బుద్ధిమంతురాలిలా నడవసాగింది. అంతా కలిపి చీమకుట్టి చెయ్యి విదిలించుకున్నంత సేపు.

"నీ భుజం సంగతి నాకు తెలుసు నాన్నా, ఎక్స్‌రే నేనే చూశాను," అంది కూతురు నెమ్మదిగా. "నువ్వు దించుతావా లేదా, అదొక్కటే తెలీలేదు."

మాస్టారు చేతిలో తాడు బిగించి కట్టాడు.

"బురదమేట రోజున కూడా దించొచ్చమ్మా. చూసేవాళ్లున్నారని దించలేదు."

"అదీ తెలుసు. చేపలవాళ్లు చెప్పారు."

ఆ పిల్ల ఫోను తీసి అక్కడి నుంచే హోటలాయనకి చెప్పేసింది, పడవ అమ్మకానికి లేదని. తర్వాత జుట్టు ముడేసుకుని, వాలి కూర్చుని, కాళ్లు చాపింది. నీటితుంపరలు మొహాన పడుతుంటే తుడుచుకోవడం కూడా మానేసింది. ఎర్ర బోయా కేసి చూసి, ఎలాగూ వచ్చాం కదా, దానిదాకా వెళ్లొద్దామా అంది.

మాస్టారు ఆకాశం చూశాడు, నీళ్లు చూశాడు.

"వద్దు. గాలి ఇంకా లేచేలా ఉంది," అని చుక్కాని తిప్పేశాడు.

కూతురు రేవు చేరేదాకా సణుగుతూనే ఉంది.