సగమే వెళ్ళిన కబురు

దయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. అందులోనూ నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. మనం రాయనిది మిషన్ చేయదని అందరితో వాదించేవాణ్ణి.

మద్రాసుకు చెన్నై అని పేరు మారిన కొత్త. సౌకార్‌పేటలో ఒక తెలుగు శెట్టిగారి చీరల హోల్‌సేల్ కొట్టుకీ, టి. నగర్‌లో ఆయన మేనమామ చూసుకునే కొట్టుకీ మధ్య కంప్యూటర్‌లో కబుర్లు పంపుకునే ప్రోగ్రాం రాసిచ్చాను. టైపు చేసిన కబురును రెండు కొట్ల మధ్య కంప్యూటర్ల కోసమే విడిగా వేయించిన లైన్‌లోకి కాపీ చేయాలి. ఒక్కోసారి మొత్తం కాపీ కాదు. ఎంత మిగిలిందో మిషనే చెబుతుంది. ప్రోగ్రాం అది చూసుకుని మిగతాది మళ్ళీ పంపాలి, లేదా తప్పు జరిగిందని చూపాలి. 'ఆఁ, ఎప్పుడో గానీ జరగదులే' అని నేను దాన్ని పట్టించుకోలేదు. ఎంత పోయినా తెర మీద 'పంపడమైంది' అనే వచ్చేది.

ఒక ఉదయం శెట్టిగారి తల్లికి ప్రాణం మీదికొచ్చింది. ముందు రోజే మాట పడిపోయింది. తమ్ముడి కోసం, అదే ఆ మేనమామగారి కోసం, కళ్ళు వాకిలి వైపే. టి. నగర్ ఫోన్ ఎంతకీ కలవలేదు. శెట్టిగారు చెబుతుంటే, పని మీద కొట్టుకొచ్చిన నేనే టైపు చేశాను. ఆ ఇంట్లో చెడ్డ కబురుతో మొదలుపెట్టరు. ముందు క్షేమం, తర్వాత సరుకు, చివర్లో అసలు మాట: 'అమ్మకు సీరియస్‌గా ఉంది. వెంటనే రావాలి.'

కాసేపటికే మేనమామగారు ఆటో దిగి పరుగున వచ్చారు. అక్క ఆయన చేత్తో తులసినీళ్ళు తాగి కన్నుమూసింది.

కర్మలు అయ్యాక, ఇంకేదో కబురు సగమే అందిందంటే రెండు మిషన్లూ తెరిచి చూశాను. ఆనాటి కబురు టి. నగర్‌కు 'ఈడ అందరం క్షేమం. చీరల బేళ్ళు అందినాయి' వరకే చేరింది. మిగతాది సౌకార్‌పేట దాటనే లేదు.

ఆ రోజు తెర మీద ఏం చదివారని మేనమామగారిని అడిగాను.

"'చిన్నోడా, బిన్నే రా' అని ఉణ్ణింది. చూడంగానే కొట్టు ఆడ్నే వదిలేసి వచ్చేస్తి. నీ మిషన్ లేకపోతే మా అక్క కడసారి చూపు నాకు దక్కేదే లేదుపా. నువ్వు చల్లగా ఉండాల."

బిన్నే అంటే వాళ్ళ మాటలో తొందరగా అని. అరవై దాటిన ఆ మనిషిని చిన్నోడా అని పిలిచేది ఆమె ఒక్కతేనట. ఆ మాట నేను టైపు చేయలేదు. అప్పటికి నాకు తెలియనే తెలియదు.

తేలు కుట్టిన దొంగలా నిజం దాచుకున్నాను. ప్రోగ్రాం మాత్రం సరిచేశాను. ఒక్క అక్షరం మిగిలినా ఆగి చెప్పేలా.

బతికున్నంత కాలం ఆయన దీపావళికి నాకు కొత్త పంచెలు పంపేవారు. ఒక్కటీ కట్టుకోలేదు. ఆ కబురు పంపిందెవరో ఇన్నేళ్ళయినా నాకు అంతుపట్టలేదు. పంచెలు మాత్రం నాకు రావలసినవి కావు.